టవర్ లేకుండా మాట్లాడే రేడియో

ఈ నెల గోడపత్రికలో సైన్సు వ్యాసం రాయటం తొమ్మిదో తరగతి వంతు. నేను హామ్ రేడియో గురించి రాస్తున్నాను. ఇది మన పుస్తకంలో లేదు. పోయిన నెల ఖమ్మం నుంచి వచ్చి సెట్టు చూపించిన పెద్దాయన చెప్పినవి, తర్వాత సైన్సు సార్ ని అడిగి తెలుసుకున్నవి కలిపి రాశాను.

మన ఇళ్లలో ఉండే రేడియో వినటానికే. కొత్తగూడెం స్టేషన్ వాళ్లు చెప్పేది మనకు వినపడుతుంది గానీ మనం చెప్పేది వాళ్లకు వినపడదు. హామ్ రేడియోలో వినవచ్చు, మాట్లాడవచ్చు. డబ్బు కోసం కాకుండా, ఇష్టం కొద్దీ లైసెన్సు తీసుకొని ఇంట్లోంచి మాట్లాడేవాళ్లను హామ్ లు అంటారు. ఒక్కొక్కరికి కాల్ సైన్ అని ఒక పేరు ఇస్తారు. మన దేశం వాళ్లవి ఎక్కువగా వీయూ అక్షరాలతో మొదలవుతాయి. "సీక్యూ, సీక్యూ" అని పిలిస్తే "ఎవరైనా ఉన్నారా, నాతో మాట్లాడండి" అని అర్థం. సెలవు తీసుకునేటప్పుడు 73 అంటారు. అంటే శుభాకాంక్షలు.

టవర్ లేకుండా మాట ఎట్లా పోతుంది? మన తల మీద సుమారు 80 కిలోమీటర్ల నుంచి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తు దాకా ఐనోస్ఫియర్ అనే పొర ఉంది. సూర్యుడి కిరణాలు తగిలి అక్కడి గాలి అణువులు విడిపోతాయి. షార్ట్ వేవ్ తరంగం ఆ పొర దాకా పోయి వంగి మళ్లీ భూమికి దిగుతుంది. దిగిన చోట వినపడుతుంది. మధ్యలో ఎన్ని గుట్టలు ఉన్నా దానికి పట్టదు. సెల్ ఫోన్ తరంగం అట్లా వంగి రాదు, పొరను దాటి పోతుంది. అందుకే దానికి దగ్గరలో టవర్ కావాలి, గుట్ట అడ్డం ఉండకూడదు. మా ఊరికి అడ్డం ఉన్నవి మూడు గుట్టలు!

ఇప్పుడు లాక్ డౌన్ సంగతి. 2020 మార్చి 25 నుంచి దేశమంతా మూసేశారు. అప్పుడు నేను మూడో తరగతి. హాస్టల్ నుంచి ఇంటికి పంపించేశారు. మా ఊరి దారికి మొద్దులు, ముళ్లకంప అడ్డం వేశారు. పొద్దున్నే అమ్మతో ఇప్పపూలు ఏరటానికి పోయేదాన్ని. తర్వాత తునికాకు వచ్చింది. ఆకు కోసి, మధ్యాహ్నం చెట్టు కింద కట్టలు కట్టేవాళ్లం. నాకైతే ఆ రోజులు బాగానే ఉన్నాయి. పెద్దవాళ్లకు బాగాలేదు. మా చిన్నమ్మ వాళ్లు మిరపకాయలు ఏరటానికి దూరం పోయి అక్కడే చిక్కుకున్నారు. మా అన్న రోజూ గుట్ట ఎక్కి ఫోన్ పైకి పట్టుకునేవాడు. ఒక్కోసారి రెండు గీతలు వచ్చి పోయేవి. 12 రోజులు కబురు లేదు. వాళ్లు నడిచి వచ్చి వాకిట్లో నిలబడినప్పుడే బతికి ఉన్నారని తెలిసింది. సెప్టెంబర్ 1 నుంచి టీవీలో పాఠాలు పెట్టారు. మా ఇంట్లో టీవీ లేదు.

అదే రోజుల్లో ఆ పెద్దాయన నీళ్ల ట్యాంకుకూ కొబ్బరిచెట్టుకూ మధ్య తీగ కట్టి, పొద్దున టీ తాగుతూ దేశంలో ఉన్న హామ్ లతో మాట్లాడేవాడట. రోజూ ఒకరు హాజరు పిలిచేవారట, మన ప్రేయర్ లాగా. ఎవరైనా పలకకపోతే సాయంత్రం మళ్లీ పిలిచేవారు. ఒంటరిగా ఉన్న ముసలివాళ్లకు ఆ గంటే పండగ అని ఆయన అన్నాడు. ఇంగ్లండ్ లో అయితే హామ్ ల సంఘమూ, అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల వ్యవస్థా కలిసి "రేడియోలోకి రండి, ఒకరినొకరు పలకరించుకోండి" అని 2020లో ప్రచారం చేశాయి. కొన్ని దేశాల్లో ఇంట్లోనే ఉండండి అనే అర్థం వచ్చే స్టేహోమ్ మాటను కాల్ సైన్ చివర పెట్టుకున్నారు. అప్పుడు సూర్యుడి మీద మచ్చలు చాలా తక్కువ ఉన్నాయి. మచ్చలు తక్కువైతే దూరం మాట సరిగా అందదు. అయినా తెల్లవారుజామున లేచి ఓపికగా వినేవాళ్లట.

ఇది కాలక్షేపం ఒక్కటే కాదు. 2004 డిసెంబర్ లో భారతీ ప్రసాద్ అనే హామ్ తన బృందంతో అండమాన్ లోని పోర్ట్ బ్లెయిర్ లో ఉంది. సరదాగా ప్రపంచంతో మాట్లాడటానికే పోయింది. 26వ తేదీన సునామీ వచ్చి ఫోన్లు పోయాయి. అప్పుడు ఆమె రేడియో మీదనే అక్కడివాళ్ల క్షేమం కబుర్లు బయటికి పోయాయి. మామూలు రోజుల్లో హామ్ లు వేరేవాళ్ల కబుర్లు మోయకూడదు, వ్యాపారం మాట్లాడకూడదు, పాటలు వేయకూడదు. ఆపదలో కబుర్లు మోయవచ్చు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మా ఊళ్లో కరెంటూ సిగ్నలూ రెండూ పోయాయి. ఈ సెట్టు 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది. అటువంటి బ్యాటరీ మా ఊళ్లో ట్రాక్టర్ లో ఉంది.

యాంటెన్నా అంటే భయపడవద్దు, అది రాగి తీగే. 143ను మెగాహెర్ట్జ్ తో భాగిస్తే తీగ పొడవు మీటర్లలో వస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్ కు సుమారు 20 మీటర్లు. మధ్యలో తెంపి, పక్కకు పది పది మీటర్లు కట్టాలి. మన వేపచెట్టు నుంచి వంటగది దాకా నేను అడుగులతో కొలిచాను, సరిపోతుంది.

లైసెన్సుకు కేంద్ర ప్రభుత్వ టెలికాం శాఖ పరీక్ష పెడుతుంది. రేడియో ఎట్లా పనిచేస్తుందో ఒక భాగం, నియమాలు ఇంకో భాగం. 12 ఏళ్లు నిండితే రాయవచ్చు. హైదరాబాద్ లో నేషనల్ ఇన్స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అని 1983లో పెట్టిన సంస్థ ఉంది. ఆ పెద్దాయన కూడా నేర్పుతానన్నాడు. ఏడో తరగతి పైన ఇష్టం ఉన్నవాళ్లు నాకు పేరు ఇవ్వండి. ఇప్పటికి నలుగురం అయ్యాం. మేడమ్ గారు ఆదివారం సాయంత్రం ఒక గంట ఇప్పించగలరని కోరుతున్నాము.

ప్రశ్న: 14.2 మెగాహెర్ట్జ్ కు తీగ ఎంత పొడవు కావాలి? లెక్క చేసి కాగితం మీద రాసి గోడపత్రిక కింద ఉన్న డబ్బాలో వేయండి. జవాబు వచ్చే నెల.