నంబరు చూసి బండి ఎక్కుదాం

పల్లెలో బండి కావాలంటే ఏం చేస్తాం? అడ్డా మీదికి పోతాం. ఆటోను పిలుస్తాం. కిరాయి మాట్లాడుకుంటాం. ఆటో నడిపే అతను మనకు తెలిసినవాడే. ఏ ఇంటివాడో, ఎవరి కొడుకో మనకు తెలుసు.

పట్నంలో అలా కాదు. ఊరు కొత్త. దారి కొత్త. బండి నడిపే అతను ఎవరో తెలియదు. ఎంత దూరమో తెలియదు. ఎంత ఇవ్వాలో తెలియదు. అడిగినంత ఇచ్చుకోవలసి వస్తుంది.

ఇప్పుడు పట్నాల్లో ఫోనుతోనే కారును, ఆటోను పిలుస్తున్నారు. ఇది పెద్ద చదువు చదివినవాళ్లు మాత్రమే చేసే పని కాదు. నాలుగు మాటలు చదవడం, నాలుగు అంకెలు గుర్తుపట్టడం వస్తే మనమూ చేయవచ్చు. ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

యాప్ అంటే ఏమిటి?

స్మార్ట్‌ఫోను తెర మీద చిన్న చిన్న బొమ్మలు కనిపిస్తాయి. ఒక్కో బొమ్మకు ఒక్కో పని. ఒకటి నొక్కితే ఫొటో తీయవచ్చు. ఒకటి నొక్కితే డబ్బు పంపవచ్చు. ఇలా ఒక పని కోసం ఫోనులో పెట్టుకునే ఏర్పాటును యాప్ అంటారు.

బండిని పిలవడానికి కూడా యాప్‌లు ఉన్నాయి. ఉబర్, ఓలా, ర్యాపిడో అలాంటివే. ఉబర్ 2009లో అమెరికాలో మొదలైంది. 2013లో మన దేశానికి, బెంగళూరుకు వచ్చింది. ఓలా 2010లో మన దేశంలోనే మొదలైంది. ర్యాపిడో 2015లో బెంగళూరులో మొదలైంది.

మనం ఎక్కడ నిలబడ్డామో ఫోనుకు ఎలా తెలుస్తుంది? ఆకాశంలో ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. అవి పంపే సంకేతాలను ఫోను అందుకుంటుంది. వాటిని బట్టి మనం ఉన్న చోటును లెక్క కడుతుంది. దీన్ని జీపీఎస్ అంటారు. డ్రైవరు ఫోనులో కూడా ఇదే ఉంటుంది. మనం బండి కావాలని నొక్కగానే ఆ కబురు దగ్గరలో ఉన్న డ్రైవర్లకు అందుతుంది. ఒకరు ఒప్పుకుంటారు. ఆ బండి మన దగ్గరికి వస్తుంది. ఇదంతా జరగాలంటే ఫోనులో ఇంటర్నెట్ ఉండాలి. లొకేషన్ అనే మీట వేసి ఉండాలి.

యాదమ్మ బండిని పిలిచింది

యాదమ్మది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. చిన్నప్పుడు బడికి పోలేదు. మహిళా సంఘంలో చేరిన రోజు వేలిముద్ర వేసింది. తర్వాత రాత్రిపూట చదువుల కేంద్రానికి పోయి చదవడం, రాయడం నేర్చుకుంది. ఇప్పుడు సంతకం పెడుతుంది. బస్సు బోర్డు చదువుతుంది.

యాదమ్మ అత్తకు మోకాలు వాచింది. కాలు వంగడం లేదు. హైదరాబాదులో పంజాగుట్ట దగ్గర నిమ్స్ ఆసుపత్రి ఉంది. అక్కడ చూపించాలని ఇద్దరూ బయలుదేరారు. బస్సులో ఆధార్ కార్డు చూపించారు. కండక్టరు జీరో టికెట్ ఇచ్చాడు. తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి ప్రయాణం ఉచితం.

ఎంజీబీఎస్ బస్టాండులో దిగారు. అక్కడి నుంచి పంజాగుట్టకు మెట్రో రైలు ఉంది. సిటీ బస్సులు ఉన్నాయి. కానీ అత్త పది అడుగులు నడిస్తే కూలబడుతోంది. బయట ఒక ఆటో అతను నిమ్స్‌కు నాలుగు వందలు అడిగాడు.

"వద్దన్నా, ఫోనులో చూస్తా" అంది యాదమ్మ.

ఫోనులో యాప్‌ను కూతురు పెట్టింది. ఏది ఎక్కడ నొక్కాలో చూపించింది. యాదమ్మ అత్తను ఒక అరుగు మీద కూర్చోబెట్టింది. యాప్ తెరిచింది.

ఎక్కడికి పోవాలని తెర మీద వచ్చింది. యాదమ్మ "నిమ్స్" అని రాసింది. కింద నాలుగైదు పేర్లు వచ్చాయి. ఒకే పేరుతో చాలా చోట్లు ఉంటాయి. తొందరపడి నొక్కితే బండి ఇంకెక్కడికో పోతుంది. యాదమ్మ ఒక్కో పేరు కూడబలుక్కుని చదివింది. పంజాగుట్ట అని ఉన్నదాన్ని నొక్కింది.

తర్వాత ఎక్కే చోటు చూసుకుంది. బస్టాండు పెద్దది. గేట్లు చాలా ఉన్నాయి. తాము నిలబడ్డ గేటు దగ్గరే గుర్తు ఉందా లేదా అని చూసింది. గుర్తు కొంచెం పక్కకు ఉంది. వేలితో జరిపి సరిచేసింది.

ఆ తర్వాత బండ్ల వరస వచ్చింది. బైకు, ఆటో, కారు. ఒక్కోదాని ఎదురుగా కిరాయి రాసి ఉంది. ఆటోకు 170 రూపాయలు. కారుకు 260. అత్త కాలు చాపుకోవాలి. అందుకని యాదమ్మ కారును నొక్కింది. చేతికే డబ్బు ఇస్తానని క్యాష్ అన్నదాన్ని నొక్కింది.

కాసేపటికి బండి కుదిరింది. తెర మీద డ్రైవరు ఫొటో, పేరు వచ్చాయి. కారు రంగు తెలుపు అని వచ్చింది. కారు నంబరు వచ్చింది. చివరి నాలుగు అంకెలు 4127. పక్కనే ఓటీపీ అని ఇంకో నాలుగు అంకెలు వచ్చాయి.

అంకెలు అవే, వరస వేరు

ఇంతలో ఒక తెల్ల కారు వచ్చి ఆగింది.

"నిమ్స్‌కే కదమ్మా? ఎక్కండి" అన్నాడు డ్రైవరు.

అత్త లేచి కారు తలుపు పట్టుకుంది.

"పా బిడ్డా, బండి వచ్చింది. నా కాలు గుంజుతోంది" అంది.

"జర ఆగు అత్తమ్మా. నంబరు చూస్తా" అంది యాదమ్మ.

కారు ముందుకు వెళ్లింది. నంబరు ప్లేటు చూసింది. నాలుగు, ఒకటి, ఏడు, రెండు. మళ్లీ ఫోను చూసింది. నాలుగు, ఒకటి, రెండు, ఏడు.

"ఇది మన బండి కాదు" అంది.

"ఆ బండి రాదమ్మా. నన్ను పంపించారు. ఎక్కండి, మీరు ఇచ్చిందే తీసుకుంటా" అన్నాడు డ్రైవరు.

"ఫోనులో ఉన్న నంబరు బండే ఎక్కుతం అన్నా. నువ్వు పో" అంది యాదమ్మ.

అతను గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. నిమ్స్ అనే మాట అతనికి ఎలా తెలిసింది? ఆటో అతనితో మాట్లాడుతుంటే విని ఉంటాడు.

అత్తకు కోపం వచ్చింది.

"కాళ్ల దగ్గరికి వచ్చిన బండిని పంపిస్తివి. రెండంకెలు అటు ఇటు అయితే ఏమైతది?"

"అత్తమ్మా, అంగట్ల 17 రూపాయలు అయితే 71 ఇస్తవా? అవీ గా రెండంకెలే గదా?"

అత్త మాట్లాడలేదు. ఆమెకు చదువు రాదు. లెక్క మాత్రం బాగా వచ్చు.

నాలుగు నిమిషాలకు ఇంకో తెల్ల కారు వచ్చింది. నంబరు 4127. యాదమ్మ తన పేరు తాను చెప్పలేదు.

"ఎవరి పేరు మీద వచ్చినవన్నా?" అని అడిగింది.

"యాదమ్మ అని ఉందమ్మా" అన్నాడు డ్రైవరు. ఫొటోలో ఉన్న ముఖమే.

ఇద్దరూ వెనక సీటులో కూర్చున్నారు. అప్పుడు ఓటీపీ చెప్పింది. డ్రైవరు తన ఫోనులో ఆ అంకెలు కొట్టాడు. ప్రయాణం మొదలైంది. యాప్‌లో ప్రయాణం వివరాలు ఇంటివాళ్లకు పంపే వీలు ఉంది. యాదమ్మ అవి కూతురికి పంపింది. కారు ఎటు పోతున్నదీ కూతురు ఊళ్లో ఉండే చూసింది.

కొంత దూరం పోయాక డ్రైవరు అన్నాడు: "అమ్మా, యాప్‌లో క్యాన్సిల్ కొట్టండి. డబ్బు నేరుగా నాకే ఇవ్వండి. ఇరవై రూపాయలు తక్కువే ఇవ్వండి."

"నీ కష్టం నాకు తెలుసన్నా. పెట్రోలు కొనాలి, బండి అప్పు కట్టాలి. కానీ క్యాన్సిల్ కొడితే మేము నీ బండిలో ఉన్నట్టు ఎవరికి తెలుస్తది? వద్దు" అంది యాదమ్మ.

డ్రైవరు మళ్లీ అడగలేదు. ఆసుపత్రి గేటు దగ్గర దింపాడు. ఫోనులో 260 రూపాయలని వచ్చింది. యాదమ్మ లెక్కపెట్టి ఇచ్చింది.

నంబరు ప్లేటు చదవడం

నంబరు ప్లేటు మీద మొదట ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. అవి రాష్ట్రం పేరును తెలుపుతాయి. ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్. తెలంగాణ బండ్లకు ముందు టీఎస్ అని ఉండేది. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ అని వేస్తున్నారు. ఇంగ్లీషు అక్షరాలు రాకపోయినా దిగులు పడవద్దు. చివరి నాలుగు అంకెలను వరసగా చదవండి. ఫోనులో ఉన్నవాటితో పోల్చండి. ఒక్క అంకె తేడా ఉన్నా ఎక్కవద్దు.

ప్లేటు రంగు కూడా చూడాలి. కిరాయి కారుకు పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు ఉంటాయి. సొంత కారుకు తెల్ల ప్లేటు ఉంటుంది. కరెంటుతో నడిచే కిరాయి కారుకు ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి.

ఏ ఓటీపీ చెప్పాలి? ఏది చెప్పకూడదు?

ఓటీపీ అంటే ఒక్కసారికే పనికివచ్చే అంకెలు. అవి తాళంచెవి లాంటివి. ఏ తాళంచెవి ఎవరికి ఇవ్వాలో తెలియాలి.

బండి ఓటీపీ యాప్‌లోనే, బండి వివరాల దగ్గర కనిపిస్తుంది. దాన్ని డ్రైవరుకు చెప్పాలి. సరైన బండిలో కూర్చున్న తర్వాతే చెప్పాలి. ఫోనులో అడిగితే చెప్పవద్దు. మనం ఎక్కకముందే చెబితే మనం లేకుండానే ప్రయాణం మొదలైనట్టు లెక్క పడుతుంది.

బ్యాంకు ఓటీపీ మెసేజ్‌గా వస్తుంది. దాన్ని ఎవరికీ చెప్పకూడదు. డ్రైవరు అడిగినా, కంపెనీ మనిషినని అన్నా, బ్యాంకు ఆఫీసరునని అన్నా చెప్పకూడదు.

డబ్బు ఎక్కువ పోయిందని కొందరు ఇంటర్నెట్‌లో కంపెనీ నంబరు వెతుకుతారు. అక్కడ దొంగ నంబర్లు కూడా ఉంటాయి. ఫిర్యాదు చేయాలంటే యాప్‌లో ఉన్న హెల్ప్ అన్నదాన్నే నొక్కాలి. "డబ్బు వాపసు ఇస్తాం, పిన్ కొట్టండి" అంటే నమ్మవద్దు. మనకు డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు. పిన్ కొడితే డబ్బు మన ఖాతా నుంచి పోతుంది. ఒకవేళ పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

కిరాయి ఎందుకు మారుతుంది?

పొద్దున ఒక కిరాయి, సాయంత్రం ఒక కిరాయి ఉంటుంది. వాన పడితే పెరుగుతుంది. బండ్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ అయితే పెరుగుతుంది. పండుగనాడు పూల ధర పెరిగినట్టే ఇదీ. 2025 జూలైలో కేంద్ర ప్రభుత్వం కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం రద్దీ వేళలో కూడా కిరాయి మూల కిరాయికి రెండింతలు దాటకూడదు. వీటిని అమలు చేయవలసింది రాష్ట్రాలు.

అందుకని నొక్కే ముందు కిరాయి చదవాలి. ఎక్కువ ఉంటే పావుగంట ఆగి మళ్లీ చూడాలి. రెండు యాప్‌లు ఉంటే రెండింటిలో చూసి పోల్చుకోవాలి. బండి కుదిరాక రద్దు చేస్తే ఒక్కోసారి రుసుము పడుతుంది.

స్మార్ట్‌ఫోను లేకపోతే?

ఇంట్లో కొడుకు గానీ, కూతురు గానీ తమ ఫోను నుంచి మన కోసం బండి పిలవవచ్చు. వాళ్లు మూడు సంగతులు ఫోనులో చెప్పాలి. బండి నంబరు, డ్రైవరు పేరు, ఓటీపీ. అవి విని కాగితం మీద రాసుకోవాలి. తిరిగి చదివి వినిపించాలి. బండి వచ్చాక కాగితం చూసి పోల్చుకోవాలి. ఫోను లేకున్నా రాత చేతిలో ఉంది.

ఆపదలో గుర్తుంచుకోండి

దారి తప్పించినా, భయం వేసినా 112కు ఫోను చేయండి. యాప్‌లో కూడా ఆపద మీట ఉంటుంది. అది ఎక్కడ ఉందో ముందే చూసిపెట్టుకోండి. ఆడవాళ్ల సాయానికి 181 నంబరు ఉంది. తెలంగాణ పోలీసులు 2024లో టీ-సేఫ్ అనే సేవను మొదలుపెట్టారు. అందులో పేరు ఇస్తే మన ప్రయాణాన్ని పోలీసులు కనిపెట్టి ఉంటారు.

నొప్పులు పడుతున్న గర్భిణికి, గుండెనొప్పి వచ్చినవాళ్లకు టాక్సీ కోసం చూడవద్దు. 108కి ఫోను చేయండి. ఆ బండి ఉచితం. అందులో మందులు, ప్రాణవాయువు ఉంటాయి.

చెప్పండి

1. యాదమ్మ మొదటి కారు ఎందుకు ఎక్కలేదు?
2. డ్రైవరుకు ఓటీపీ ఎప్పుడు చెప్పాలి?
3. యాదమ్మ తన పేరు తాను చెప్పకుండా డ్రైవరును ఎందుకు అడిగింది?
4. క్యాన్సిల్ కొట్టి ప్రయాణం చేస్తే మనకు ఏం నష్టం?

చేయండి

1. ఫోనులో బండి నంబరు 6083 అని ఉంది. వీటిలో మీ బండి ఏది? 6038, 6803, 6083, 8063.
2. మీ ఊళ్లో ఐదు బండ్ల నంబర్లు చూసి రాయండి. పక్కన ప్లేటు రంగు రాయండి.
3. 112, 181, 108, 1930. ఏ నంబరు దేనికో ఒక కాగితం మీద రాసి ఇంట్లో గోడకు అంటించండి.

మాట్లాడుకోండి

మీ సంఘంలో ఎవరి ఫోను వారి చేతిలో ఉంటుందా? ఫోను మగవాళ్ల దగ్గరే ఉంటే, ఒంటరిగా పట్నం పోయిన ఆడమనిషి ఏం చేయాలి? అందరూ కలిసి చర్చించండి.