ఐరావతీనదిపై మెరీనులు

యుద్ధనౌకలలో నుండి, సముద్రముపైనను తీరమునందును పోరాడు సైనికులకు మెరీనులని పేరు. అట్టివారిలో నొక చిన్నదళము కడలిని విడిచి నదిపై పనిచేసిన వృత్తాంతము వినుడు.

1942 ఫిబ్రవరిలో సింహళమునుండి నూర్గురికి పైగా బ్రిటిషు మెరీనులు తమంతట తాము ముందుకు వచ్చి రంగూను చేరిరి. దీనికి వైపరు దళమని పేరు; మేజరు జాన్‌స్టన్ నాయకుడు. మార్చి 8వ తేదీన రంగూను జపానువారి వశమయ్యెను. అప్పుడు వీరు మరపడవలపై ఐరావతీనదిలో ఎగువకు సాగుచు, మరలిపోవు సైన్యమునకు ప్రక్కను కావలి కాచిరి. శత్రువునకు చిక్కకుండ పడవలను నాశనము చేసిరి. వారిలో పలువురు తిరిగి రాలేదు.

ఆ సైన్యము మరలుచున్న దినములలోనే, రంగూను రేవులో మూటలు మోసి బ్రతికిన మన తెలుగు కూలీలు వేలకొలది కొండలు, అడవులు దాటి కాలినడకను స్వదేశమునకు బయలుదేరిరి. ఎందరో త్రోవలోనే ఆకలికిని, విషూచికిని ఆహుతియైరి.

కృష్ణ పొంగినపుడు బల్లకట్టువాని విలువ మన పల్నాటివారికి తెలియును. ఏరు దాటినపిదప వానిని తలచువా రరుదు. మహాయుద్ధ చరిత్రలలో ఆ మెరీనులకు దక్కినవి కొలది పంక్తులు. ఆ కూలీలలో పెక్కుమందికి పేరైనను దక్కలేదు. చరిత్ర చదువునపుడు సేనానుల పేర్లతో తృప్తినొందక, ఒడ్డున కావలి కాచినవారిని, త్రోవలో ఒరిగినవారిని గూడ వెదకుడు.