చేతిలో ముక్కలు, నోట ఇంగ్లిష్

పలమనేరు పిల్లలకు భాషలంటే బెరుకు తక్కువ. ఇంట్లో తెలుగు, పక్కింట్లో ఉర్దూ, గుడియాత్తం చుట్టాలతో అరవం, ముళబాగిలు బస్సెక్కితే కన్నడం. వ్యాకరణం ఎవరూ చెప్పలేదు. అవసరం పడింది, మాట వచ్చింది. అదే పిల్లలు ఇంగ్లిష్ క్లాసులో మాత్రం బిగుసుకుపోతారు. పుస్తకంలోని ప్రశ్నకు జవాబు పుస్తకంలోనే ఉన్నప్పుడు ఎవరినైనా ఏమైనా అడగాల్సిన పనేముంది?

ఆ అవసరాన్ని క్లాసులోనే పుట్టించగలిగితే ఇంగ్లిష్ టీచరు ఉద్యోగం కోరేవాళ్లకు అదే పెద్ద అర్హత. అందుకు అన్నిటికన్నా చవకైన సాధనం కార్డులాట. పేకాట పేరెత్తితే హెడ్మాస్టరు ముఖం చిట్లిస్తారు కాబట్టి ఆఠీను, ఇస్పేటుల జోలికి పోనక్కర్లేదు. పాత పెళ్లిపత్రికల వెనక ఖాళీ చాలు.

టొమాటో, బ్రింజాల్, మ్యాంగో... ఇలా సంతలో దొరికే పది పేర్లు తీసుకుని ఒక్కో పేరును రెండు ముక్కల మీద రాస్తే 20 అవుతాయి. నలుగురికి తలా నాలుగు పంచి, మిగిలిన నాలుగూ మధ్యలో బోర్లించాలి. జత కుదరని ముక్క కోసం పక్కవాళ్లను అడగాలి: "డూ యూ హ్యావ్ ఏ టొమాటో?" "యస్, ఐ డూ" అంటే ముక్క చేతికొస్తుంది. "నో, ఐ డోంట్" అంటే కట్టలోంచి ఒకటి తీసుకోవాలి. ఎక్కువ జతలు చేసినవాళ్లది గెలుపు. ఇంగ్లిష్ మాట్లాడే దేశాల్లో దీన్ని గో ఫిష్ అంటారు. బోర్డు మీద రాసి పదిసార్లు చదివిస్తే విసుక్కునే వాక్యాన్ని ఇక్కడ పిల్లలు తమంతట తాము పదేపదే అంటారు.

ఆటను నడిపేది దాపరికం. ఎదుటివాళ్ల చేతిలో ఏముందో అడిగితే తప్ప తెలియదు. భాషాబోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు దక్షిణాది బడుల్లో నడిపిన బెంగళూరు ప్రాజెక్టులో వ్యాకరణ పాఠాలకు బదులు పనులు ఇచ్చి ఇంగ్లిష్ నేర్పారు. ఒకరి దగ్గరున్న సమాచారం ఇంకొకరికి చేరాల్సిన పనులను ఆయన ‘ఇన్ఫర్మేషన్ గ్యాప్’ అన్నారు. ఇంటర్వ్యూలో "ఈ ఆట ఎందుకు?" అని అడిగితే చెప్పాల్సిన జవాబు ఇదే. సరదాగా ఉంటుందని చెబితే సరిపోదు.

అన్ని ఆటలూ ఒకటి కావు. ‘గో-వెంట్’, ‘బయ్-బాట్’ జతలను బోర్లించి గుర్తుపెట్టుకుని తీసే ఆట జ్ఞాపకశక్తికి మంచిదేగానీ, నోరు విప్పకుండానే గెలవచ్చు. తీసిన జతతో వాక్యం చెబితేనే ముక్కలు దక్కుతాయన్న షరతు పెట్టాలి.

కార్డులతో చదువు ఈ సీమకు కొత్తేమీ కాదు. పుంగనూరు దాటి మదనపల్లె వైపు వెళితే రిషివ్యాలీ బడి. అక్కడ పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివరి నుంచి పల్లె బడుల కోసం పాఠాలను కార్డులుగా విడగొట్టి, గుర్తులు వేసి, ‘నిచ్చెన’ మీద ఎవరి వేగంతో వాళ్లు ఎక్కేలా అమర్చారు. అవి పోటీ ఆటలు కావు, పాఠం మెట్లు. ఆ పద్ధతి 1995లో మైసూరు జిల్లాలో ‘నలి కలి’గా, 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో ఏబీఎల్ (యాక్టివిటీ బేస్డ్ లెర్నింగ్)గా రూపు మార్చుకుంది.

నైపుణ్యంతోపాటు కాగితాలూ కావాలి. ప్రభుత్వ బడిలో స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్ పోస్టుకు తగిన డిగ్రీ, బీఈడీ, టెట్, ఆపైన డీఎస్సీ. 2025 మెగా డీఎస్సీలో అన్ని సబ్జెక్టులూ కలిపి 16,347 పోస్టులు ప్రకటించారు. 1958లో మొదలైన హైదరాబాద్ ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఇంగ్లిష్ బోధనలో పీజీ డిప్లొమా నడుపుతోంది. పెద్దలకు, విదేశీయులకు నేర్పాలనుకుంటే కేంబ్రిడ్జి వారి సెల్టా ఉంది. కనీసం 120 గంటల శిక్షణ, అందులో ఆరు గంటలు నిజమైన క్లాసు చెప్పడం. ఫీజు మాత్రం భారీ. సొంతూరి బడిలో స్థిరపడాలనుకునేవాళ్లు ముందు బీఈడీ చూసుకోవడమే తెలివి.

ప్రైవేటు బడుల్లో డెమో క్లాసే అసలు పరీక్ష. ఒక సెట్టు కార్డులు, ఒక పేజీ పాఠం పథకం చేతిలో ఉండాలి. "నలభై మంది పిల్లలుంటే?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. నాలుగేసి మందికి ఒకటి చొప్పున పది సెట్లు, అంటే 200 ముక్కలు. వాటిని పిల్లలచేతే ముందురోజు రాయిస్తే ఖర్చు పెళ్లిపత్రికలు అడిగి తెచ్చుకున్నంత, పైగా ఒక్కో మాట స్పెల్లింగు రెండుసార్లు రాసినట్టవుతుంది.