నిత్యోపయోగమునకు చేతిగడియారము: కొనుటకు ముందు తెలియవలసినవి

‘గడియారము’ అను మాటలో ‘గడియ’ ఇమిడియున్నది. ‘ఘటిక’ అను సంస్కృత పదమునుండి వచ్చిన ఈ గడియ మన పూర్వుల లెక్కలో 24 నిమిషముల కాలము. అడుగున సన్నని రంధ్రముగల రాగి గిన్నెను నీటిపై తేలవిడిచి, అది నిండి మునుగునంతటి వ్యవధిని ఒక గడియగా ఎంచిరి. ఉర్దూలోని ‘ఘడీ’ సైతము ఆ మూలమునకు చెందినదే. మన కళాశాలలో తెలుగు విద్యార్థులును ఉర్దూ విద్యార్థులును వేర్వేరు లిపులలో వ్రాసికొన్నను, ముంజేతికి కట్టుకొను ఈ వస్తువునకు మాత్రము ఒకే ఇంటిపేరు పెట్టుకొన్నారు.

నేటి విద్యార్థికి గడియతో పని తీరదు, నిమిషముతో పని. తెలంగాణలో ఇంటర్మీడియట్ పరీక్షలకు ఒక్క నిమిషము ఆలస్యమైనను లోనికి అనుమతింపరాదను నిబంధన పలు సంవత్సరములు అమలులో నుండెను. ఎందరో పిల్లలు గేటు వద్దనుండి కన్నీళ్ళతో మరలిన పిమ్మట 2024లో ఐదు నిమిషముల సడలింపు లభించినది. ఏడాది చదువు ఒక నిమిషముపై ఆధారపడిన ఆ దినమున చేతికున్న గడియారము ఎట్టిదన్న ప్రశ్న అలంకారమునకు సంబంధించినది కాదు. తల్లిదండ్రులు పొదుపు చేసి యిచ్చిన కొద్ది సొమ్ముతో ఒక్క గడియారము కొని, దానిని పది సంవత్సరములు వాడుకొనవలసిన విద్యార్థిని దృష్టిలో ఉంచుకొని మేము ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

జేబులో సెల్‌ఫోను ఉండగా గడియారమేల అని అడుగువారు కలరు. ఫోను తన సమయమును వలయవ్యవస్థనుండి తానే సరిచేసికొనును గనుక ఖచ్చితత్వములో దానిదే పైచేయి. కాని సమయము చూచుటకై బయటికి తీసిన ఫోను పావుగంటకు గాని మరల జేబులోనికి పోదన్నది మేము తరగతులలో నిత్యము చూచుచున్న సంగతి. నీట్ వంటి కొన్ని పరీక్షలలో చేతిగడియారమునకు సైతము ప్రవేశము లేదు. అక్కడ గోడగడియారమే శరణ్యము. ఐనను ఇల్లు విడిచి కేంద్రము చేరువరకును, ఇంట నమూనా పరీక్ష వ్రాసికొను వేళను, మణికట్టువంక ఒక్క చూపు చాలును.

ఇక అసలు విషయము. గడియారములో మనము రెండు గుణములను కోరుచున్నాము: ఖచ్చితత్వము, మన్నిక. ఒకప్పుడు ఈ రెండును ఖరీదైనవే. నేడు ఖచ్చితత్వము మిక్కిలి చౌకయైనది. మన్నిక మాత్రము చౌక కాలేదు. ఈ మార్పును గుర్తింపక, డయలు తళుకును, పేరుప్రతిష్ఠలను చూచి సొమ్ము వెచ్చించువారే ఎక్కువగా నష్టపోవుచున్నారు.

చావి ఇచ్చు గడియారములో బ్యాలెన్సు చక్రము సన్నని చుట్టస్ప్రింగు బలముతో అటునిటు ఊగును. ప్రసిద్ధమైన పాత నమూనాలలో అది సెకనుకు 5 మారులు కొట్టుకొనును, అనగా దినమునకు 4,32,000 మారులు. దినమునకు 86,400 సెకన్లు. నూటికి 99.99 వంతులు సరిగా నడిచిన యంత్రము సైతము రోజుకు ఎనిమిదిన్నర సెకన్లకు పైగా తేడా చూపును. పరీక్షలో 99.99 మార్కులు వచ్చిన విద్యార్థిని మనము మెచ్చుకొందుము. గడియారమునకు ఆ మార్కులు చాలవు! ఖచ్చితత్వమునకు ధృవపత్రము పొందు స్విస్ యంత్రములకు సైతము దినమునకు 4 సెకన్లు వెనుకకును, 6 సెకన్లు ముందునకును పోవుటకు అనుమతి కలదు.

1969 డిసెంబరు 25న జపానుకు చెందిన సైకో సంస్థ ‘ఆస్ట్రాన్’ అను క్వార్ట్జ్ చేతిగడియారమును విడుదల చేసినది. దాని వెల నాలుగు లక్షల యాబది వేల యెన్‌లు. నెలకు 5 సెకన్ల తేడా మాత్రమే. ఆనాడు ధనికులకే అందిన ఆ విద్య నేడు వేయి, పదిహేను వందల రూపాయలకు దొరకు గడియారములో ఉన్నది. దాని రహస్యము సరళమైనది. లోపలనున్న చిన్న స్ఫటికపు ముక్క విద్యుత్తు తగులగానే సెకనుకు 32,768 మారులు కంపించును. ఈ సంఖ్యను రెండుచే పదునైదు మారులు భాగించి చూడుడు, సరిగా ఒకటి మిగులును. లోపలి సర్క్యూటు చేయునది ఆ భాగహారమే. మిగిలిన ఆ ఒకటియే సెకనుల ముల్లును కదల్చు దెబ్బ. సామాన్యమైన క్వార్ట్జ్ గడియారము నెలకు 15 నుండి 20 సెకన్లకు మించి తప్పదు. లక్షల విలువచేయు చావి గడియారమునకు ఈ విషయములో అది తీసిపోదు సరికదా, మించిపోవును.

స్ఫటికమునకును ఒక బలహీనత కలదు. అది 25 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమున సరిగా నడచును. వేడిమి పెరిగినను తరిగినను మందగించును. మే నెల ఎండలో స్కూటరు పెట్టెలో వదలిన గడియారము 45 డిగ్రీల వద్ద రోజుకు ఒక సెకనుకు పైగా వెనుకబడగలదు. చేతికి ధరించిన గడియారమునకు ఈ బాధ తక్కువ. శరీరపు వేడిమి దానిని ఇంచుమించు ఒకే స్థితిలో ఉంచును. కనుక గడియారమునకు మన ముంజేయియే తగిన స్థానము.

ఖచ్చితత్వమును గూర్చి చెప్పునపుడు నిలకడను గూర్చియు చెప్పవలెను. ప్రతిదినము తప్పక 5 సెకన్లు ముందునకు పోవు గడియారము మంచిది; నేడు 10 సెకన్లు ముందునకు, రేపు 8 సెకన్లు వెనుకకు పోవునది చెడ్డది. మొదటిదాని తప్పు మనకు తెలిసిన తప్పు, దానిని తీసివేయవచ్చును. 1761లో ఇంగ్లండునుండి జమైకాకు ఓడపై పంపబడిన జాన్ హారిసన్ గడియారమును పరీక్షించినది ఈ సూత్రముతోనే. దాని దినసరి తేడాను లెక్కలోనికి తీసికొన్న పిమ్మట 81 దినములలో మిగిలిన తప్పు ఇంచుమించు 5 సెకన్లు.

మన దేశమున ఈ కథ మరియొక దారిలో నడచినది. హెచ్.ఎం.టి. సంస్థ 1961లో జపాను సిటిజన్ కంపెనీ సహకారముతో బెంగుళూరులో చేతిగడియారముల నిర్మాణమునకు పూనుకొన్నది. ‘జనతా’ పేరుగల దాని గడియారము మన తండ్రుల తరమువారి చేతులపై దశాబ్దములు నడచినది. ఉద్యోగము వచ్చిన దినముననో, పెండ్లి దినముననో అది చేతికి వచ్చెడిది. (అల్లునికి గడియారము, సైకిలు, రేడియో పెట్టవలెనను ఆచారము ఎందరు ఆడపిల్లల తండ్రులను అప్పులపాలు చేసినదో వేరుగా వ్రాయదగిన విషయము.) మన హైదరాబాదులోని ఆల్విన్ సంస్థ సైతము సైకో సహకారముతో 1980 దశకమున గడియారములు చేసినది. హోసూరు కర్మాగారమునుండి టైటాన్ వారి క్వార్ట్జ్ గడియారములు వచ్చిన తరువాత చావి గడియారమునకు గిరాకి తగ్గినది. 2016లో కేంద్ర మంత్రివర్గము హెచ్.ఎం.టి. గడియారముల కంపెనీ మూసివేతకు ఆమోదము తెల్పినది.

ఈ చరిత్ర కొనుగోలుదారునకు పనికివచ్చునదే. తాతగారి హెచ్.ఎం.టి. ఇంట ఉన్నచో దానిని శుభ్రపరపించి తప్పక వాడుకొనవచ్చును. కాని అంగడిలో ‘పాత హెచ్.ఎం.టి., క్రొత్తదానివలె ఉన్నది’ అని అమ్ము వానిలో పెక్కింటికి అరిగిన యంత్రముపై క్రొత్తగా రంగు వేసిన డయలు అమర్చబడి యుండును. డయలుపై అక్షరములు వంకరగానో, మొద్దుగానో కనబడినచో ఆశ విడుచుట మేలు. చెడినపుడు విడిభాగములను మరియొక చచ్చిన గడియారమునుండియే తీయవలెను. అది తెలిసిన ఘడీసాజులు, అనగా గడియారములు బాగుచేయు పనివారు, ఏటేట తగ్గిపోవుచున్నారు. ‘17 జ్యూయెల్స్’ అన్న ముద్రను చూచి మురిసిపోనక్కరలేదు. అవి ఇరుసులు అరగకుండ అమర్చిన కృత్రిమ కెంపులు, వెలగలవి కావు. చావి గడియారమునకు పదునేడు చాలును.

మన్నిక విషయమున మొదట గడియారమును వెనుదిప్పి చదువవలెను. ‘స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్’ అని వ్రాసియున్నచో వెనుక మూత మాత్రమే ఉక్కు అని అర్థము. చుట్టునున్న పెట్టె ఇత్తడియో, మరియొక చౌక లోహమో, దానిపై పూత. మన ఎండలకు పట్టు ఉప్పుచెమటకు ఆ పూత రెండు మూడేండ్లలో లేచిపోవచ్చును. పెట్టె యావత్తు ఉక్కుదైనదో కాదో దుకాణదారుని స్పష్టముగా అడుగవలెను. మరతో బిగించిన మూత, నొక్కి మూసిన మూతకన్న నీటిని బాగుగా ఆపును.

‘30 మీటర్లు’ అన్న ముద్ర మరియొక మాయ. ముప్పది మీటర్ల లోతున మునుగవచ్చునని దానికి అర్థము కాదు. కదలని నీటిలో అంతటి ఒత్తిడికి ఓర్చినదని మాత్రమే. వానచినుకులకు, చేతులు కడుగుటకు అది సరిపోవును. ఈతకు ‘100 మీటర్లు’ ఉండవలెను. నీటిని ఆపునది మూతక్రింది చిన్న రబ్బరు వలయము. వేడినీరు, సబ్బు దానిని త్వరగా చెరచును.

మన విద్యార్థులలో నమాజు చేయువారికి ఇంకొక సంగతి. వజూలో నీరు మోచేతులవరకు చర్మమునకు తగులవలెను గనుక గడియారము తీయవలసి వచ్చును. దినమునకు ఐదు మారులైన సంవత్సరమునకు పద్దెనిమిది వందలకు పైగా ఆ పట్టీ విప్పబడి మరల కట్టబడును. తోలుపట్టీ రంధ్రములు ఆ తాకిడికి చీలును. తడిచేతికి కట్టగా కుళ్ళి వాసన వచ్చును. హౌజు గట్టుపై పెట్టిన గడియారము రాతినేలపై పడుటయు అరుదు కాదు. ఇట్టివారికి నైలాను పట్టీ గాని, ఉక్కు గొలుసు గాని మేలు. అసలు ఏ గడియారములోనైనను మొదట చెడునది యంత్రము కాదు, పట్టీయు, దానిని పట్టియుంచు సన్నని స్ప్రింగు కడ్డీయు. కనుక పట్టీ వెడల్పు 18, 20, 22 మిల్లీమీటర్లలో ఏదో ఒకటియై యుండునట్లు చూచుకొనవలెను. ఏ ఊరి దుకాణములోనైనను అది దొరకును. ఆ కంపెనీ పట్టీ తప్ప మరియొకటి పట్టని వింత ఆకారపు గడియారము, పట్టీ తెగిన దినముననే బల్లసొరుగు చేరును.

అద్దములు మూడు విధములు. ప్లాస్టిక్ అద్దము త్వరగా గీతలు పడును గాని పగులదు, మెరుగుపెట్టవచ్చును. మినరల్ గాజు సామాన్యముగా దొరకునది. సఫైరు కాఠిన్యము 9. ఇసుకరేణువుది 7 గనుక దానికి గీత పడుట కష్టము. మా అభిప్రాయమున సఫైరుకై వెల రెట్టింపు చేసికొననక్కరలేదు. అంకెలు చూపు గడియారములో కదలు భాగములు లేవు గనుక దెబ్బకు అదియే గట్టిది. ఐనను ముళ్ళ గడియారమునందే మాకు మక్కువ. మూడు గంటల పరీక్షలో మిగిలిన కాలము ఎంతో పెద్దముల్లు కంటికి కట్టినట్లు చూపును, తీసివేతలతో పనిలేదు. స్మార్ట్ గడియారములు తరచు విద్యుత్తు కోరును, వాని బ్యాటరీ కొన్నేండ్లకు నీరసించును. పదేండ్ల లెక్కలో అవి నిలువవు.

బ్యాటరీ మార్పించునపుడు సంఖ్యకు ముందున్న అక్షరములను చూడవలెను. ‘ఎస్.ఆర్.’ అన్నచో సిల్వర్ ఆక్సైడు, ‘ఎల్.ఆర్.’ అన్నచో ఆల్కలైన్. రెండవది కొంత చౌక. కాని దాని వోల్టేజి క్రమముగా పడిపోవును, కారి యంత్రమును పాడుచేయు భయమును ఎక్కువ. పది ఇరువది రూపాయల ఆదాకై గడియారమును పోగొట్టుకొన్నవారిని మేమెరుగుదుము. సెకనుల ముల్లు రెండేసి, నాలుగేసి సెకన్లు ఒక్కసారిగా దూకుట కొన్ని గడియారములలో బ్యాటరీ అయిపోవుచున్నదను హెచ్చరిక. అయిపోయిన బ్యాటరీని నెలల తరబడి లోపల ఉంచరాదు. మూత తెరచినపుడే రబ్బరు వలయమును కూడ మార్పించుట మంచిది.

కమిటీ పెద్దలకు ఒక మనవి. విద్యార్థి గడియారము ఎంత సరిగా నడచినను, కళాశాల గంట వేరొక కాలమున మ్రోగినచో హాజరు పోవునది విద్యార్థికే. కార్యాలయములో ఒక మంచి గోడగడియారముంచి, వారమునకొకసారి ఆకాశవాణి సమయసంకేతముతో సరిచూచి, గంటను దానిప్రకారమే కొట్టించిన బాగుండును.

క్రొత్త గడియారము కొన్న దినముననే రసీదుతోపాటు హామీకార్డుపై తేదీ, దుకాణపు ముద్ర వేయించుకొనవలెను. ఆ రాత్రి ఆకాశవాణి సంకేతమునకు గాని, ఫోనులోని సమయమునకు గాని సెకనులతో సహా సరిపెట్టి, పది దినములు ప్రతిదినము ఒకే వేళకు తేడాను నోటుపుస్తకములో వ్రాయవలెను. క్వార్ట్జ్ గడియారమునకు పది దినముల తేడా 7 సెకన్ల లోపు ఉన్నచో సరియే. చావి గడియారమైనచో రాత్రివేళ ఒక దినము డయలు పైకిని, మరియొక దినము చావి క్రిందికిని ఉండునట్లు పెట్టి చూడుడు; రెండు భంగిమలలో నడక వేరుగా ఉండును, పగటి తప్పును రాత్రి సరిదిద్దు భంగిమ ఏదో తెలిసిపోవును. తేడా మితిమీరినచో నోటుపుస్తకము, హామీకార్డు రెండును తీసికొని దుకాణమునకు పోవలెను. అంకెలు చూపిన కొనుగోలుదారునికి దుకాణదారుడు త్వరగా బదులు చెప్పును.