పిప్పిపన్ను – తలనొప్పి

పిప్పిపన్నును అశ్రద్ధ చేస్తే ముఖంలో నొప్పి, తలనొప్పి వస్తాయా? నిస్సందేహంగా వస్తాయి. పన్ను ఏమాత్రం నొప్పి పెట్టకుండానే ఇవి రావచ్చునన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. అందుచేతనే తల నొస్తే తలకే మందు వెదకుతారు గాని నోరు తెరచి చూచేవారు అరుదు.

సుశ్రుతాచార్యులు నిదానస్థానం పదునారవ అధ్యాయంలో ముఖరోగాలను వివరిస్తూ క్రిమిదంతకమనే వ్యాధిని పేర్కొన్నారు. పన్ను నల్లబడి, రంధ్రం పడి, కదులుతూ, వాపుతోనూ స్రావంతోనూ కూడి, కారణం కనబడకుండానే తీవ్రమైన బాధ కలిగించడం దీని లక్షణం. క్రిమి అనగానే కంటికి కనిపించే పురుగని భావించరాదు. పళ్ళలో పురుగులు తీస్తామని వీధులలో తిరిగేవారు చూపించేవి పంటిలోనివి కావు. చికిత్సాస్థానంలో ఆచార్యులు మరొక హెచ్చరిక కూడా చేశారు. పంటి మూలంలో చీము దారి చేసుకున్నప్పుడు ఉపేక్షిస్తే ఆ దారి దవడ ఎముకనే భేదిస్తుందట. పంటి జబ్బు పంటితో ఆగదని మన పూర్వులు ఎంత స్పష్టంగా ఎరుగుదురో దీనివలన తెలుస్తుంది.

ఇక పన్ను ఒకచోట ఉండగా నొప్పి మరొకచోట ఎందుకు? ముఖానికి ఒక్కొక్క ప్రక్క ఒక్కొక్క పెద్ద నాడి ఉన్నది. ఆధునికులు దీనిని ట్రైజెమినల్ నాడి అంటారు. దాని మూడు శాఖలలో ఒకటి కంటికి, నుదుటికి. ఒకటి బుగ్గకు, పైపళ్ళకు. ఒకటి క్రింది పళ్ళకు, కణతకు పోతాయి. మూడు వీధుల ఉత్తరాలు ఒకే తపాలా సంచిలో పడినట్లు ఈ శాఖల వార్తలన్నీ ఒకేచోట కలిసి మెదడుకు చేరుతాయి. ఏ వార్త ఎక్కడిదో మెదడు ఒక్కొక్కసారి పోల్చుకోలేదు. క్రింది దవడపన్ను పుచ్చితే చెవిపోటు, పైదవడపన్ను పుచ్చితే కణతనొప్పి, కంటి క్రింద సలుపు కలగడం ఇందువలననే. పైదవడపళ్ళ వేళ్ళు ముక్కు ప్రక్కనున్న గాలిగదికి అతి సమీపంలో ఉంటాయి. చీము అటు ప్రాకితే ఒకే ముక్కునుండి దుర్వాసనతో స్రావం వస్తుంది. దానిని పీనసమనుకొని నెలల తరబడి ఆవిరి పట్టేవారున్నారు.

నావద్దకు వచ్చిన ఒక ఉపాధ్యాయురాలు ఎనిమిది నెలలుగా ఎడమ కణతనొప్పితో బాధపడుతున్నది. పలుచోట్ల అర్ధావభేదకానికి మందులు వాడింది. పళ్ళ మాట అడిగితే, "ఒక పన్ను పిప్పి పట్టిందండీ, కాని రెండేళ్ళ క్రితమే నొప్పి తగ్గిపోయింది" అన్నది. చెంచా కాడతో ఆ పంటిపై మెల్లగా తట్టగానే ఉలిక్కిపడింది. దంతవైద్యుని వద్దకు పంపగా, ఎక్స్‌రేలో వేరు చివర చీము కనబడింది. వేరును శుభ్రపరచి పూడ్చిన కొద్ది వారాలకు కణతనొప్పి పోయింది. ఇక్కడ గ్రహించవలసిన విషయమొకటి ఉన్నది. చికిత్స లేకుండా పంటినొప్పి తగ్గడమంటే చాలాసార్లు లోపలి నాడి చచ్చిపోవడమే. జబ్బు తగ్గదు, అడుగున పెరుగుతుంది.

ప్రతి తలనొప్పికీ పన్నే కారణమని కాదు. ఒకే ప్రక్క ఉండడం, పడుకొంటే హెచ్చడం, నమిలినా వేడి పదార్థం తగిలినా సలపడం పంటి నొప్పి లక్షణాలు. వాంతి, వెలుతురు చూడలేకపోవడం ఉంటే అర్ధావభేదకమేమో చూడాలి. ముఖం కడిగినా, గాలి సోకినా మెరుపువలె క్షణకాలం పొడిచే నొప్పి నాడికి సంబంధించినది. దానికోసం మంచి పళ్ళు పీకించుకొన్న అభాగ్యులున్నారు. మెట్లెక్కినప్పుడు దవడ నొచ్చి, కూర్చుంటే తగ్గితే అది గుండె సంగతి కావచ్చు. ఆలస్యం చేయక గుండెవైద్యునికి చూపించాలి.

గృహచికిత్స విషయానికి వస్తే, గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించడం మంచిది. ఒక్క చుక్క లవంగతైలం దూదిపై వేసి రంధ్రంలో ఉంచితే ఉపశమనం కలుగుతుంది. చిగురుకు తగిలితే మండుతుంది, పసిపిల్లలకు వాడరాదు. త్రిఫలా కషాయం చిగుళ్ళకు హితకరం. వీటిలో ఏదీ పడిన రంధ్రాన్ని పూడ్చదు, చీమును తీయదు. ఇవి దంతవైద్యుని వద్దకు వెళ్ళేవరకే. జిల్లేడుపాలు పోయడం, నొప్పి బిళ్ళను చిగురుపై అదిమి ఉంచడం నోటిని కాల్చుతాయి. వాచిన బుగ్గకు కాపడం పెట్టరాదు.

జ్వరంతోపాటు దవడ క్రింద వాపు, నోరు తెరవలేకపోవడం, మ్రింగుడుపడకపోవడం, కన్ను వాయడం, ఊపిరి అందకపోవడం – వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగక ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి. మధుమేహం ఉన్నవారిలో చీము త్వరగా ప్రాకుతుంది గనుక, వారు నొప్పి లేకున్నా ఆరునెలలకొకసారి పళ్ళు చూపించుకోవడం అవసరం.