పాఠం 9: ముందు వరుస క్రీడాకారిణి – సౌమ్య గుగులోత్

ప్రవేశిక

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా వైపు ఉంటున్న మీకు సాంచాల చప్పుడు కొత్త కాదు. మీ పెద్దలు తెలంగాణ పల్లెల నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చారు. ఈ నగరపాలక సంస్థ నడిపే బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. మీలో కొందరు అక్కడే నాలుగో తరగతో ఏడో తరగతో చదివి, ఇంట్లో ఏదో అవసరం వచ్చి మానేసి ఉంటారు. ఇప్పుడు మళ్ళీ పుస్తకం పట్టారు.

ఈ పాఠంలో మీ వైపు నుంచే వెళ్ళిన ఒక అమ్మాయి గురించి చదువుతారు. చదివాక ఫుట్‌బాల్‌లో ఫార్వర్డ్ అంటే ఎవరో చెప్పగలుగుతారు. ఒక క్రీడాకారిణి జీవితాన్ని గోల్స్‌తో పాటు ఇంకా దేనితో కొలవాలో ఆలోచించగలుగుతారు. మధ్యలో ఒక చిన్న లెక్క కూడా ఉంది. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

9.1 ఫార్వర్డ్ పని

ఫుట్‌బాల్ జట్టులో పదకొండు మంది ఉంటారు. ఒకరు గోల్‌కీపరు. మిగిలినవారిలో కొందరు వెనుక కాపు కాస్తారు, కొందరు మధ్యలో బంతిని అందిస్తారు, ముందు వరుసలో ఉండేవారు గోల్ చేయాలి. ఆ ముందు వరుస వారే ఫార్వర్డ్‌లు. మైదానం అంచు వెంట పరుగెత్తి లోపలికి చొచ్చుకువచ్చేవారిని వింగర్లు అని కూడా అంటారు.

గోల్ స్తంభాల మధ్య వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. చూడటానికి పెద్ద వాకిలే. కాని దాని ముందు కీపరూ, ఇద్దరు ముగ్గురు రక్షకులూ నిలబడితే బంతి దూరేందుకు మిగిలే సందు చాలా తక్కువ. అది కనబడేది ఒక్క క్షణం. తొంభై నిమిషాల ఆటలో ఫార్వర్డ్‌కు అలాంటి క్షణాలు రెండో మూడో దొరుకుతాయి. మిగతా సమయమంతా వాటి కోసం పరుగెత్తడమే. టీవీలో గోల్ మాత్రమే చూసేవారికి ఈ పరుగు కనిపించదు.

9.2 నిజామాబాద్ అమ్మాయి

సౌమ్య గుగులోత్ 2001లో నిజామాబాద్‌లో పుట్టింది. లంబాడా కుటుంబం. చిన్నప్పుడు ఆమెకు తెలిసిన ఆట పరుగు పందెమే. ఆ వేగం చూసిన శిక్షకుడు ఆమెను ఫుట్‌బాల్ వైపు తిప్పాడు. తెలంగాణలో క్రికెట్, కబడ్డీ ఆడే పిల్లలు ఊరూరా కనిపిస్తారు గాని, ఫుట్‌బాల్ ఆడే ఆడపిల్లలు అరుదు. అందుచేత ఆమె ఎదగడానికి ఊరు దాటక తప్పలేదు.

2019-20లో ముంబయికి చెందిన కెంక్రే క్లబ్బు తరఫున భారత మహిళల లీగులో ఆడింది. 2021లో దేశం జట్టులో చోటు దొరికింది. 2022లో గోకులం కేరళ క్లబ్బుతో లీగు గెలిచింది. ఆ ఏడు గోకులం ఆడిన పదకొండు మ్యాచ్‌లలోనూ గెలిచింది. అదే సంవత్సరం ఆమెకూ, మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్‌కూ ఐరోపాలోని క్రొయేషియా దేశం నుంచి పిలుపు వచ్చింది. అక్కడి రాజధాని జాగ్రెబ్‌లోని డినామో క్లబ్బు ఇద్దరినీ తీసుకుంది. పటంలో క్రొయేషియాను వెతకండి. ఇటలీకి తూర్పున, సముద్రానికి అవతలి ఒడ్డున ఉంటుంది.

9.3 ఆడని మ్యాచ్‌లు

ఇక్కడ కొంచెం ఆగుదాం. 2022ను విజయాల సంవత్సరంగా మాత్రమే చెప్పి వదిలేస్తే సగం కథే చెప్పినట్లు.

ఆ జనవరిలో ఆసియా కప్పు మన దేశంలోనే జరిగింది. నవీ ముంబయిలో భారత్ మొదటి మ్యాచ్‌ను ఇరాన్‌తో 0-0గా ముగించింది. తర్వాత జట్టులో కోవిడ్ వ్యాపించింది. 23వ తేదీన చైనీస్ తైపీతో ఆడటానికి కావలసినంత మంది ఆరోగ్యంగా లేరు. మ్యాచ్ జరగలేదు. నిబంధనల ప్రకారం భారత్ పోటీ నుంచే తప్పుకున్నట్లయింది. సొంత గడ్డ మీద జరిగిన కప్పులో మన జట్టు ఆడింది ఒకే ఒక్క మ్యాచ్.

ఆగస్టులో మరొకటి. లీగు విజేతగా గోకులం జట్టు ఆసియా క్లబ్బుల పోటీ కోసం ఉజ్బెకిస్తాన్‌లోని తాష్కెంట్ చేరింది. సరిగ్గా అప్పుడే ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యను సస్పెండ్ చేసింది. సమాఖ్య పాలనలో బయటివారి జోక్యం ఉందన్నది కారణం. సస్పెన్షన్ ఉన్నంత కాలం భారతీయ క్లబ్బులు అంతర్జాతీయ పోటీల్లో ఆడకూడదు. క్రీడాకారిణులు ఉన్నారు, మైదానం ఉంది, ప్రత్యర్థులు ఉన్నారు. ఆట లేదు. జట్టు 23న ఉజ్బెకిస్తాన్ క్లబ్బు సోగ్దియానాతో, 26న ఇరాన్ క్లబ్బు బామ్ ఖాతూన్‌తో ఆడవలసి ఉంది. ఫిఫా సస్పెన్షన్ ఎత్తివేసినది ఆ 26వ తేదీనే.

తప్పు వారిది కాదు. నష్టం మాత్రం వారిదే. పదో తరగతి పరీక్ష నాడు మీకు హాల్ టికెట్టు ఇవ్వలేదనుకోండి. మరుసటి ఏడు మళ్ళీ రాయవచ్చు గాని, ఆ ఏడు తిరిగి రాదు కదా! ఫార్వర్డ్‌కు వేగంగా పరుగెత్తే వయసు పది పన్నెండేళ్ళే ఉంటుంది. అందులో ఒక్కో ఏడూ లెక్కే.

పాఠ్యగత లెక్క

2024-25 లీగులో ఎనిమిది జట్లు ఉన్నాయి. ప్రతి జట్టూ మిగిలిన ఏడు జట్లతో రెండేసిసార్లు ఆడింది. అయితే ఒక్కొక్క జట్టు ఎన్ని మ్యాచ్‌లు ఆడింది? ఒక్క మ్యాచ్‌ 90 నిమిషాలైతే మొత్తం ఎన్ని గంటలు? ముందు మీరే చేసి, తర్వాత కింది వాక్యాలు చదవండి.

14 మ్యాచ్‌లు. 1,260 నిమిషాలు. అంటే 21 గంటలు. మీ ఇంట్లో సాంచాల మీద పన్నెండు గంటల షిఫ్టు చేసేవారుంటే వారిని అడగండి. రెండు షిఫ్టులు కలిపితే 24 గంటలు. దేశంలోని అతి పెద్ద లీగులో ఒక అమ్మాయికి ఏడాదికి దొరికిన ఆట రెండు షిఫ్టులంత కూడా లేదు. దేశం జట్టు మ్యాచ్‌లు, ఇతర పోటీలు దీనికి అదనం. అవీ అందరికీ దొరకవు.

9.4 ఇటలీలో ఏమైంది?

సూరత్‌లో ఈ పాఠం చెబుతున్నప్పుడు ఒక అక్క అడిగింది: "ఇది బతుకుతెరువు అవుతుందా సార్?" మంచి ప్రశ్న. ఫుట్‌బాల్‌ను ప్రాణంగా చూసుకునే ఇటలీలో కూడా ఈ ప్రశ్నకు జవాబు చాలా ఆలస్యంగా వచ్చింది.

కరోలినా మొరాచె 1964లో వెనిస్ నగరంలో పుట్టింది. పద్నాలుగేళ్ళకే ఇటలీ జట్టులో ఆడింది. 1990 ఆగస్టులో లండన్‌లోని వెంబ్లీ మైదానంలో ఇటలీ ఇంగ్లండును 4-1తో ఓడించింది. ఆ నాలుగు గోల్సూ మొరాచెవే. మరుసటి సంవత్సరం చైనాలో మొదటి మహిళల ప్రపంచ కప్పు జరిగింది. అక్కడ ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్ చేసింది. ఇంత పేరున్నా ఆ రోజుల్లో ఇటలీ చట్టం దృష్టిలో ఫుట్‌బాల్ స్త్రీలకు వృత్తి కాదు. ఆమె న్యాయశాస్త్రం చదివి పట్టా పుచ్చుకుంది. 1999లో విటెర్బెసె అనే పురుషుల జట్టుకు శిక్షకురాలైంది. ఇటలీలో పురుషుల వృత్తి జట్టుకు ఒక స్త్రీ శిక్షకురాలు కావడం అదే మొదటిసారి. రెండు మ్యాచ్‌ల తర్వాత ఆ పని వదిలేసింది.

ఇటలీ మహిళల మొదటి శ్రేణి లీగు వృత్తి లీగుగా మారింది 2022లో. సౌమ్య జాగ్రెబ్ వెళ్ళింది కూడా ఆ సంవత్సరమే. మొరాచె తరం వారు అప్పటికి ఆట మానేసి ఇరవై ఏళ్ళు దాటింది.

9.5 మళ్ళీ మైదానంలో

సౌమ్య క్రొయేషియా నుంచి తిరిగివచ్చి మన లీగులో ఆడింది. 2024-25లో కోల్‌కతా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌లో చేరింది. 2025 ఏప్రిల్‌లో కల్యాణి పట్టణంలో ఒడిశా జట్టుతో జరిగిన మ్యాచ్‌లో గెలిస్తే లీగు టైటిల్ వారిదే. ఆ రోజు పడింది ఒక్కటే గోల్. అది సౌమ్యది. ఆ సీజనుకు ఉత్తమ క్రీడాకారిణిగా అఖిల భారత సమాఖ్య ఆమెనే ఎంపిక చేసింది.

అదే ఏడు జూన్‌లో థాయ్‌లాండ్‌లో ఆసియా కప్పు అర్హత పోటీలు జరిగాయి. భారత్ మంగోలియాను 13-0తో ఓడించింది. అందులో రెండు గోల్స్ సౌమ్యవి. జూలై 5న ఆతిథ్య జట్టు థాయ్‌లాండ్‌పై 2-1తో గెలిచి భారత్ 2026 ఆసియా కప్పుకు అర్హత సంపాదించింది. అర్హత పోటీలు ఆడి గెలిచి అక్కడికి చేరడం మన జట్టుకు అదే మొదటిసారి.

నవంబరులో ఈస్ట్ బెంగాల్ ఆసియా క్లబ్బుల పోటీకి చైనాలోని వూహాన్ వెళ్ళింది. ఎదుటి జట్టు బామ్ ఖాతూన్. ఈ పేరు మీరు ముందు చదివారు; ఎక్కడో గుర్తు చేసుకోండి. ఈసారి మ్యాచ్ జరిగింది. ఈస్ట్ బెంగాల్ 3-1తో గెలిచింది.

పాఠాంత ప్రశ్నలు

1. ఉజ్బెకిస్తాన్‌లో గోకులం జట్టు ఎందుకు ఆడలేకపోయింది? మూడు వాక్యాలలో రాయండి.

2. మొరాచెకు, సౌమ్యకు దొరికిన అవకాశాలలో మీకు కనిపించిన తేడా ఏమిటి?

3. మీ వాడలో ఆడపిల్లలు సాయంత్రం ఏ ఆట ఆడుతున్నారు? ఎక్కడ ఆడుతున్నారు? ఎన్నో ఏటికి మానేస్తున్నారు? ఇద్దరు ముగ్గురు తల్లులను అడిగి, వారు చెప్పినది చెప్పినట్లుగా ఒక పేజీ రాసి అధ్యయన కేంద్రానికి తీసుకురండి.