గుడి ఆవరణలో తెర కట్టే ముందు



సెప్టెంబరు 1 నుండి అస్సీసిపుర ఫ్రాన్సిస్ వారి పండుగైన అక్టోబరు 4 వరకు శ్రీసభ సృష్టికాలాన్ని పాటిస్తున్నది. ఈ రోజుల్లో సాయంకాల జపమాల ముగిశాక గుడి ఆవరణలో తెర కట్టి, పర్యావరణం గురించిన డాక్యుమెంటరీ చిత్రాలు చూపుదామని యువత అడుగుతుంటారు. మంచి ఆలోచనే. అయితే ఏ చిత్రం వేయాలి, వేశాక ఏమి చేయాలి అన్నది ముందే అనుకోకపోతే అది ఉచిత సినిమాగానే మిగిలిపోతుంది.

ఎక్కువమందికి తెలిసిన చిత్రం 'ది లెటర్'. జగద్గురువులు ఫ్రాన్సిస్ వారు 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖ ఆధారంగా 2022లో తీశారు. అమెజాను అడవి బిడ్డ ఒకరు, సెనెగల్ యువకుడు ఒకరు, మన దేశపు బాలిక రిధిమా పాండే అందులో కనిపిస్తారు. దానితో మొదలుపెట్టండి, కాని దానితో ఆగకండి. కొత్తపట్నంలో వల లాగే కుటుంబానికైనా, మిరప కోతకు కూలికి పోయే కుటుంబానికైనా అమెజాను దూరపు మాటే.

దగ్గరి మాట చెప్పే చిత్రాలూ ఉన్నాయి. జహీరాబాదు దగ్గర పస్తాపూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత స్త్రీలు కెమెరా పట్టడం నేర్చుకున్నారు. వారిలో బడి మెట్లు ఎక్కనివారు చాలామంది. 2002 మార్చిలో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ ఖరీఫ్‌లో వారు వరంగల్ జిల్లా పల్లెలకు మళ్లీ మళ్లీ వెళ్లి రైతులను చేలల్లోనే మాట్లాడించారు. వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద ఎందుకు కోపమని అడిగే ఆ చిత్రం 2003లో వచ్చింది. కూలి చేసిన చేతులే కెమెరా పట్టాయి గనుక రైతు వారితో జంకు లేకుండా మాట్లాడాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. 2002 కరవు సంవత్సరం. 2005లో మూడు బీటీ రకాలకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి నిరాకరించారు, అది నిజమే. కాని ఆ తరువాత పదేళ్లు తిరగకముందే దేశంలో పత్తి సాగు నూటికి తొంభై వంతులు బీటీ అయింది. కాయతొలుచు పురుగుకు కొట్టే మందులు మొదట తగ్గాయి, తరువాత గులాబీ రంగు పురుగు ఆ విత్తనాన్ని జయించింది. మరి ఆ స్త్రీల చిత్రం అబద్ధమా? కాదు. ఒక ఏడాది కొన్ని చేలల్లో జరిగినదానికి అది సాక్ష్యం. సాక్ష్యాన్ని తీర్పుగా తీసుకుంటే తప్పు మనది. గుహలో కట్టివేయబడినవారు గోడమీది నీడలనే లోకమనుకున్నారని ప్లేటో చెప్పిన కథ సెమినరీలో చదువుకున్నాము. తెర ముందు కూర్చున్నప్పుడల్లా నాకది గుర్తుకొస్తుంది.

అందుకే చిత్రం ఆగాక జరిగేదే అసలు పాఠం. చూడటం, విచారించటం, ఆచరించటం అన్న మూడు మెట్ల పద్ధతిని కార్డినల్ కార్డైన్ కార్మిక యువతకు నేర్పాడు. జగద్గురువులు 23వ యోహాను వారు 1961లో తమ విశ్వలేఖలో దానిని సిఫారసు చేశారు. చిత్రం మొదటి మెట్టు మాత్రమే ఎక్కిస్తుంది. మిగిలిన రెండింటికి మన మధ్య కూర్చున్నవారే ఆధారం. 1987 ప్రాంతంలో తెల్లదోమ పత్తిని తినేస్తే గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్న సంగతి పెద్దవారు మరచిపోలేదు. 2021లో నల్ల తామర పురుగు మిరపను నాశనం చేయటం పిల్లలు కూడా చూశారు. వీరికి తెలిసినది ఏ చిత్రంలోనూ లేదు.

కాబట్టి చిత్రం అరగంట మించనివ్వకండి. తరువాత దీపాలు వేసి అడగండి. మందు కొట్టేది ఎవరు? ముక్కుకు గుడ్డ అయినా కట్టుకుంటున్నాడా? ఆ చేలో పని చేసిన తల్లికి అన్నం ముద్ద నోట పెట్టుకునే ముందు చేతులు కడుక్కునే నీళ్లు ఉన్నాయా? ఖాళీ డబ్బా ఎక్కడికి పోతున్నది? మన ఇసుక నేలల్లో నీరు పైపైనే ఉంటుంది, స్ప్రేయరును దొరువు గట్టున కడిగితే ఆ నీరు ఎక్కడికి దిగుతుంది? ఇంకొకటి, అడగటానికి కష్టమైనది. మందు అమ్మే కొట్టే అప్పు కూడా ఇస్తుంటే, ఏ మందు ఎన్నిసార్లు కొట్టాలో తేల్చేది రైతేనా?

ఏదెను తోటను సాగు చేసే పనిని, దానిని కాచే పనిని దేవుడు మనిషికి ఒకేసారి అప్పగించాడు (ఆది 2:15). అప్పుల్లో ఉన్న రైతుకు రెండవ పని గుర్తుచేసి ఊరుకోవటం సులభం. ఆ పనికి అతనికి వీలు మిగిలిందా అన్నది కూడా మనమే విచారించాలి.

2016లో మొదలైన మన రాష్ట్రపు ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో చేతిలో ఇమిడే ప్రొజెక్టర్లతో మహిళా సంఘాల నడుమ రైతుల వీడియోలు చూపించారు. మన విచారణలోనూ గోడకు కట్టిన తెల్ల దుప్పటి చాలు, పెద్ద ఖర్చు అక్కరలేదు.

మైకు మొదట కూలికి పోయే తల్లికి ఇవ్వండి. భూమి ఉన్నవారు, ఉపదేశి, గురువు తరువాత మాట్లాడవచ్చు. ఆమె ఒక దొరువు పేరు చెబితే రాసుకోండి. వచ్చే ఆదివారం దివ్యబలిపూజ అయ్యాక, ఎండ ముదరకముందే నలుగురు కలిసి ఆ దొరువు దగ్గరికి వెళ్లి చూసి రండి.